దీపపు మీట: ఒక డిప్పలో రెండు వలయములు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాసము)



పొలములో నీటిపంపునకు బిగించిన స్టార్టరు పెట్టెను ఎఱుగని రైతు ఉండడు. దానిమీద పచ్చమీట యొకటి, ఎఱ్ఱమీట యొకటి. ప్రక్కనున్న బోర్డుమీద మూడు ఫేజులకు మూడు చిన్న దీపములు. కరెంటు వచ్చినపుడు ఆ మూడును వెలుగును. అవి వెలిగినంతమాత్రమున మోటారు తిరుగుచున్నదని ఏ రైతును అనుకొనడు. మీట నొక్కవలెను, మోటారు తిరుగవలెను, గొట్టమునుండి నీరు పడవలెను. దీపము చెప్పు మాట వేఱు, మీట చేయు పని వేఱు. ఈ భేదము రైతునకు పుస్తకము చదువకయే అనుభవమువలన తెలిసినది.

అయితే ఆ దీపమును తీసికొని మీట కడుపులోనే అమర్చి, రెండును ఒకే వస్తువుగా కనబడునట్లు చేసినచో, ఆ భేదము మరుగుపడును. చదువుకొన్న యువకులు సహితము అచటనే పొరబడి, విలువగల బోర్డులను కాల్చుకొనుచున్నారు. నాణెము వేసి ఆడు ఎలక్ట్రానిక్ ఆటయంత్రముల కుండు దీపపు మీటయే నేటి ఉపన్యాసమునకు విషయము.

ఆటయంత్రమనగా నిలువెత్తు కొయ్యబీరువా వంటిది. ఎదుట తెర, తెర క్రింద చేతులానించుకొను పలక, పలకపై మీటలు, మఱికొంత క్రిందుగా నాణెము వేయు చీలిక. అమెరికాలో అటారీ సంస్థ 1972లో వెలువరించిన 'పాంగ్' అను ఆటతో ఇవి జనసామాన్యమునకు పరిచితములయ్యెను. ఇట్టి యంత్రములను వరుసగా నిలిపిన శాలకు అచట ఆర్కేడు అని పేరు. జపాను దేశమున కూడ ఇవి విరివిగా వ్యాపించెను. హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలోని పెద్ద అంగడి భవనములందు పిల్లల కొఱకు ఏర్పఱచిన శాలలలో నేడు ఈ జాతి మీటలు కానవచ్చును. ఆ ఆటలు మంచివా చెడ్డవా యను వాదము ఇచట అప్రస్తుతము. పగలెల్ల పిల్లల పిడిగ్రుద్దులకు ఓర్చుకొని పనిచేయు ఆ చిన్న వస్తువు నిర్మాణము మాత్రము శ్రద్ధగా చూడదగినది.

మీటను పలకనుండి ఊడదీసి బల్లమీద పెట్టినచో మొదట కనబడునది పైమూత. అది పారదర్శకమైన లేక పాలవలె మసకగా నుండు ప్లాస్టిక్కుతో చేయబడును. లోపలి వెలుగు ఒకే చోట చురుక్కుమనక మూతయంతట పఱచుకొనవలెనని ఆ మసక. మూత క్రింద కదలెడు దండము, దానిని మరల పైకి నెట్టు స్ప్రింగు. వీని నన్నింటిని పట్టియుంచు గొట్టమువంటి డిప్పకు వెలుపల మరచుట్లు ఉండును. పలకకు తొలిచిన రంధ్రములో డిప్పను దూర్చి, అడుగునుండి నట్టు బిగింతురు. జపాను మీటలకు సాధారణముగా 30 మిల్లీమీటర్ల రంధ్రము కావలెను. వానిలో చిన్నవానికి 24 మిల్లీమీటర్లు చాలును. అమెరికా పద్ధతి మీటకు 28 మిల్లీమీటర్లకు కొంచెము పైబడిన రంధ్రము తొలిచెదరు. పలకకు బరమా పెట్టుటకు ముందే మీట ఏ దేశపుదో తేల్చుకొనుట మేలు. ఒకసారి పెద్దదైన రంధ్రము మరల చిన్నది కాదు.

డిప్ప అడుగున రెండు వస్తువులు అమరియుండును. ఒకటి దీపపు గూడు, రెండవది స్విచ్చి. గూటినుండి రెండు ఇత్తడి రేకులు, స్విచ్చినుండి రెండో మూడో రేకులు వెలుపలికి పొడుచుకొని వచ్చును. ఈ నాలుగైదు రేకులను చూడగానే క్రొత్తవాడు తికమకపడి, ఎఱ్ఱతీగ దేనికి, నల్లతీగ దేనికి అని అడుగును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు తెలిసికొనవలసినది ఒక్కటే. దీపపు రేకులకును స్విచ్చి రేకులకును లోపల ఎట్టి సంబంధమును లేదు. ఒకే కప్పు క్రింద వేఱు పొయ్యిలు పెట్టుకొన్న అన్నదమ్ముల సంసారముల వంటివవి. దీపమును పూర్తిగా ఊడదీసి పాఱవేసినను స్విచ్చి తన పని తాను చేయును. స్విచ్చి విఱిగిపోయినను దీపము వెలుగుచునే యుండును.

స్విచ్చి సంగతి మొదట. ఇందు వాడబడునది మైక్రోస్విచ్చి యను జాతిది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి ఫ్రీపోర్టు పట్టణమున బర్జెస్ బ్యాటరీ సంస్థలో పనిచేయుచుండిన మెక్‌గాల్ అనునతడు దీనిని 1932లో రూపొందించెను. 1937లో ఆ స్విచ్చి పేరుతోనే ఒక సంస్థ వెలసెను. 1950లో హనీవెల్ సంస్థ దానిని తనలో చేర్చుకొనెను. ఇందలి కిటుకంతయు ఒక పలుచని లోహపు రేకులో నున్నది. పిల్లలు టిక్కుటిక్కుమని మ్రోగించు రేకు కప్పబొమ్మను చూడుడు. బొటనవ్రేలితో మెల్లగా నొక్కుచుండగా రేకు కొంతవఱకు మొరాయించి, ఒక్కసారిగా టక్కున లోపలికి దూకును. మైక్రోస్విచ్చిలోని రేకు చేయునదియు అదే. ఆటగాడు మెల్లగా నొక్కినను, పిడికిలితో కొట్టినను, లోపలి కాంటాక్టు ఒక స్థానమునుండి రెండవ స్థానమునకు తన వేగముతో తానే దూకును. తగిలీ తగులని స్థితి ఎక్కువసేపు నిలువదు కనుక నిప్పురవ్వలు తక్కువ, అరుగుదల తక్కువ. మీట నొక్కినపుడు వినబడు టక్కను చప్పుడు ఈ దూకుడుదే. ఆటలో మునిగినవాడు మీటవైపు చూడడు. ఆ చప్పుడును, వ్రేలికి తగులు ఆ చిన్న కుదుపును అతనికి సాక్ష్యము.

పూర్తి స్విచ్చికి మూడు రేకులుండును. ఒకటి ఉమ్మడిది. రెండవది మీట నొక్కనపుడు ఉమ్మడిదానితో విడిపోయి, నొక్కినపుడు కలియునది. మూడవది దానికి విరుద్ధముగా నొక్కనపుడు కలిసియుండి, నొక్కినపుడు విడిపోవునది. వీనిని ఆంగ్లమున కామన్, నార్మలీ ఓపెన్, నార్మలీ క్లోజ్‌డ్ అందురు. స్విచ్చిమీద వాని పొడి అక్షరములు చెక్కబడియుండును. ఆటకు కావలసినవి మొదటి రెండే. మూడవదానికి తీగ తగిలించినచో యంత్రమునకు మీట ఎల్లప్పుడును నొక్కబడియున్నట్లు తోచును. తుపాకి ఎవరును ముట్టకయే ప్రేలుచుండును.

స్విచ్చి వలయము చాల చిన్నది. యంత్రము లోపలి కంప్యూటరు బోర్డుమీద ఒక్కొక్క మీటకు ఒక్కొక్క ప్రవేశద్వారము కలదు. ఆ ద్వారమును ఒక నిరోధకము ద్వారా 5 వోల్టులకు కట్టియుంతురు. నిరోధకము 10,000 ఓములదని అనుకొందము. సన్నని ధారతో సదా నిండియుండు తొట్టితో దీనిని పోల్చవచ్చును. తొట్టి అడుగున బిరడా తీసినచో నీరంతయు క్షణములో పోవును, బిరడా పెట్టినచో మరల నిండును. స్విచ్చియే ఆ బిరడా. మీట నొక్కినపుడు ద్వారము గ్రౌండుతో, అనగా సున్న వోల్టుల తీగతో కలియును. 5 వోల్టులున్నచోట సున్న కనబడగానే కంప్యూటరు 'మీట నొక్కబడినది' అని గ్రహించును. ఈ లెక్క తలక్రిందులుగా తోచవచ్చును గాని ఇందు సౌకర్యమున్నది. మీటలన్నింటి ఉమ్మడి రేకులను ఒకే గ్రౌండు తీగతో మాలగ్రుచ్చినట్లు కలిపివేయవచ్చును. అటుపై మీటకొక తీగ చాలును. ఆ తీగలలో ఒకటి చితికి ఇనుప చట్రమునకు తగిలినను, ఒక మీట నొక్కినట్లు కనబడునే గాని ఏదియు కాలదు.

ఈ వలయములో ప్రవహించు కరెంటు ఎంత? 5 వోల్టులను 10,000 ఓములతో భాగించినచో అర మిల్లీ ఆంపియరు. ఈ సంఖ్యను జ్ఞాపకముంచుకొనవలెను.

కాంటాక్టులు దూకి తగిలినపుడు వెంటనే స్థిరపడవు. బండమీద పడిన గోలీవలె కొన్ని మిల్లీ సెకండ్లపాటు ఎగిరెగిరి పడును. కంప్యూటరు అత్యంత వేగముగా చూచినచో ఒక్క నొక్కును నాలుగైదుగా లెక్కించును. అందువలన కార్యక్రమము వ్రాయువారు కొంత వ్యవధి నిచ్చి మరల చూచునట్లు ఏర్పాటు చేయుదురు.

ఇక దీపము. తొలినాళ్లలో మీటలందు వాడినవి చిన్న తంతు బల్బులు. ఆటయంత్రములలో ప్రసిద్ధమైన 555 సంఖ్య గల బల్బునకు 6.3 వోల్టులు, పావు ఆంపియరు కావలెను. పావు ఆంపియరనగా 250 మిల్లీ ఆంపియర్లు. ఇందాక జ్ఞాపకముంచుకొన్న అర మిల్లీ ఆంపియరునకు ఇది అయిదువందల రెట్లు. ఒకే డిప్పలో ప్రక్కప్రక్కన నున్న రెండు వలయముల నడుమ ఇంత అంతరము! ఒకటి చెవిలో ఊదిన మాటవంటిది, రెండవది బండి లాగు ఎద్దువంటిది. పది బల్బులు ఒకేసారి వెలిగినచో రెండున్నర ఆంపియర్లు. ఆ వేడికి మూతలు పచ్చబడి పెళుసెక్కెడివి. మఱియు చల్లగానున్న తంతువునకు నిరోధము చాల తక్కువ గనుక, వెలిగించిన క్షణమున బల్బు తన మామూలు కరెంటునకు పది రెట్లవఱకు లాగికొనును.

ఈ బాధను తీర్చినది కాంతి డయోడు, ఎల్.ఇ.డి. అని నేడు అందఱును పిలుచునది. కంటికి కనబడు ఎఱ్ఱని వెలుగునిచ్చు డయోడును 1962లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో నిక్ హోలోన్యాక్ చేసి చూపెను. నీలి వెలుగు మాత్రము చాలకాలము చిక్కలేదు. 1990 దశకమున జపాను శాస్త్రజ్ఞులు కాంతివంతమైన నీలి డయోడును సాధించిరి. ఆ పనికి అకసాకి, అమానో, నకమురా యను ముగ్గురకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. నీలి వెలుగు వచ్చిన పిమ్మటనే తెల్లని డయోడు సాధ్యమయ్యెను, మీటలకు అన్ని రంగులును వచ్చెను.

డయోడు బల్బువంటిది కాదు. కరెంటు దానిలో ఒక దిక్కునుండియే పోవును. తీగలు తాఱుమాఱైనచో అది వెలుగదు. అదియును గాక, తనకు తగినంత కరెంటు మాత్రమే తీసికొను వివేకము దానికి లేదు. ఎంత ఇచ్చిన నంత త్రాగి మాడిపోవును. కావున వరుసలో ఒక నిరోధకము తప్పదు. దాని విలువ కట్టుట హైస్కూలు విద్యార్థి చేయగల లెక్క. సరఫరా 12 వోల్టులు. తెల్లని డయోడు దాదాపు 3.2 వోల్టులు తనకై ఉంచుకొనును, మిగిలినవి 8.8. కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు కావలెననుకొన్నచో 8.8ని 0.020తో భాగింపగా 440 ఓములు. అంగడిలో దొరకు దగ్గఱి విలువ 470. అది వేసినచో కరెంటు 19 మిల్లీ ఆంపియర్లకు కొంచెము లోపుగా ఉండును. సరఫరా 5 వోల్టులే అయినచో 100 ఓములు చాలును. నేడు అమ్ముడగు దీపపు మీటలలో పెక్కింటికి ఈ నిరోధకము లోపలనే అమర్చబడియుండును. మీటమీద 12 వోల్టులనియో 5 వోల్టులనియో వ్రాసియుండును. ఆ వ్రాత చదువక తగిలించుట ఆయువు చూడక వైద్యము చేయుటవంటిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. దీపము ఎప్పుడు వెలుగవలెను?

అటారీ వారి 'ఆస్టరాయిడ్స్' అను ఆట 1979లో వచ్చినది. అందు ఆట మొదలుపెట్టుటకు రెండు మీటలు కలవు, ఒంటరి ఆటగాని కొకటి, ఇద్దఱు ఆటగాండ్ర కొకటి. అవి శంకువు ఆకారమున నుండి, వానిలో ఎఱ్ఱని డయోడులు ఉండెడివి. చాలినంత నాణెము పడినపుడు మొదటి మీట మినుకుమినుకుమనును. ఇద్దఱకు చాలినంత పడినచో రెండవదియు తోడుగా మినుకుమనును. నాణెము పడనిదే రెండును వెలుగవు. అక్షరము రాని పిల్లవానికైనను ఆ మినుకుమనుట అర్థమగును: నీ డబ్బు అందినది, ఇక నొక్కుము.

ఆ మాట చెప్పునది మీట కాదు, దీపమును కాదు. నాణెముల లెక్క చూచు కంప్యూటరు చెప్పును. కంప్యూటరు ద్వారములు బలహీనమైనవి. నేడు విద్యార్థులు విరివిగా వాడు ఆర్డుయినో ఊనో బోర్డు ఒక్కొక్క కాలినుండి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీయరాదందురు. అది ఒక డయోడునకు చాలును గాని బల్బునకు చాలదు; 12 వోల్టుల దీపమునకు అసలే పనికిరాదు. కావున నడుమ ఒక ట్రాన్సిస్టరును నిలుపుదురు. కంప్యూటరు 1,000 ఓముల నిరోధకము ద్వారా ట్రాన్సిస్టరు బేసునకు స్వల్పమైన కరెంటునిచ్చును. దానితో ట్రాన్సిస్టరు తెఱచుకొని, దీపమునుండి వచ్చు పెద్ద కరెంటును గ్రౌండులోనికి దించును. తూము తలుపెత్తుటకు చేయి చాలును. పొలము తడుపునది మాత్రము కాలువ నీరు. మీటలు అనేకములున్నచో ఏడు జతల ట్రాన్సిస్టర్లు ఒకే చిప్పులోనుండు యు.ఎల్.ఎన్. 2003 అనునది సౌకర్యము.

ఇచట ఒక చిక్కు వచ్చినది. జపాను ఆటయంత్రముల సంస్థల సంఘమైన జామా 1985లో తీగల అమరికకు ఒక ప్రమాణము నిర్ణయించెను. 56 కాంటాక్టుల పట్టీ యొకటి. ఏ కాంటాక్టునకు ఏ పని యను విషయము అందు స్థిరపడినది. బోర్డు మార్చినచో ఆట మారును, తీగలు మార్చనక్కఱలేదు. ఎంతో మేలైన ఏర్పాటు. కాని ఆ పట్టీలో మీటల దీపములకు స్థానము కేటాయింపబడలేదు. అందువలన ఆ అమరికగల పెట్టెలో దీపపు మీటలు బిగించువారు తఱచు దీపపు రేకులను నేరుగా 12 వోల్టులకు కట్టివేయుదురు. దీపములు రేయింబవళ్లు వెలుగును. చూపునకు అందముగానే యుండును. అలంకారముగా దోషము లేదు. కాని నాణెము వేసి ఆడుచోట, 'మొదలుపెట్టు' మీట నాణెము పడకయే వెలుగుచున్నచో అది అబద్ధమాడుచున్నట్లే. పిల్లవాడు నొక్కినను ఏమియు జరుగదు. నాణెమును యంత్రము మ్రింగివేసినపుడును అదే వెలుగు, అందుకొన్నపుడును అదే వెలుగు. తన డబ్బు పోయినదో లేదో వానికి తెలియు దారి లేదు.

దీపమును ఆటలోనే భాగము చేసిన యంత్రములును జపానులో వచ్చెను. 1998లో కొనామి సంస్థ వెలువరించిన 'పాప్‌న్ మ్యూజిక్'లో అరచేయి పట్టునంతటి రంగురంగుల మీటలు తొమ్మిది. పాటకు అనుగుణముగా వానిని కొట్టవలెను. 2008లో అదే సంస్థ తెచ్చిన 'జూబీట్'లో నాలుగు వరుసలలో పదునాఱు పారదర్శకపు మీటలుండును. వాని క్రింద తెరయే పఱచబడియుండుటచే ప్రతిమీటలోను బొమ్మ కదలాడును. అక్కడ కూడ మీట స్విచ్చి వేఱు, వెలుగు వేఱు; ఆ రెంటిని కలుపునది లోపలి కార్యక్రమమే.

ఇక బోర్డులు కాలు విధము. మొదటి విధము తేలిక. దీపములకు 12 వోల్టుల తీగ మాలగ్రుచ్చుచు, చేయి తప్పి ఒక స్విచ్చి ఉమ్మడి రేకునకు దానినే తగిలింతురు. అన్నియు బాగుగానే కనబడును. దీపములు వెలుగును, ఆట తెరమీద నడచును. ఆ మీట నొక్కిన క్షణమున 5 వోల్టుల ద్వారములోనికి 12 వోల్టులు దూసికొనిపోవును. తొట్టి అడుగున బిరడా తీయబోయి ఏటి నీటిని లోనికి వదలినట్లగును. పొగయైన రాకుండనే చిప్పు చచ్చును.

రెండవ విధము తెలివిగలవారిది. నొక్కినపుడు మాత్రమే దీపము వెలుగవలెనని కోరి, ట్రాన్సిస్టరు ఖర్చేల యని, దీపపు రుణతీగను బోర్డుకు పోవు స్విచ్చి రేకునకే కలుపుదురు. నొక్కినపుడు స్విచ్చి గ్రౌండుతో కలియును గనుక దీపము వెలుగును, కంప్యూటరునకును వార్త చేరును. ఒక్క స్విచ్చితో రెండు పనులు! దీపమునకు 5 వోల్టుల సరఫరా యైనచో ఇది సాగును. 12 వోల్టులదైనచో, మీట నొక్కని వేళలోనే దీపము గుండా వచ్చిన ఎక్కువ వోల్టేజి ద్వారముమీద సదా ఒత్తుచుండును. దీనికి విరుగుడు లేకపోలేదు. ద్వారమునకును స్విచ్చికిని నడుమ ఒక డయోడును, కరెంటు ద్వారమునుండి స్విచ్చివైపు మాత్రమే పోవునట్లు అమర్చవలెను. 12 వోల్టులు వెనుకకు రాలేవు. అయితే ఆ డయోడు తనకై కొంత వోల్టేజిని అట్టిపెట్టుకొనును. మామూలు సిలికాను డయోడైనచో 0.7 వోల్టు వఱకు మిగిలి, కొన్ని పాత బోర్డులు దానిని సున్నగా నమ్ముటకు సందేహించును. షాట్కీ డయోడు వాడినచో 0.3 వోల్టు ప్రాంతమున నుండును గనుక ఆ సందేహముండదు. ఇంతకంటె దీపమును ట్రాన్సిస్టరు చేతికప్పగించి, స్విచ్చి జోలికి పోనీయకుండుటయే నిశ్చింత.

తీగలు బిగించువాడు రంగుల విషయమున పట్టుదల చూపవలెను. గ్రౌండునకు నల్లనిది, 5 వోల్టులకు ఎఱ్ఱనిది, 12 వోల్టులకు పసుపుపచ్చనిది అని ఒకసారి నిర్ణయించుకొన్నచో, నల్లతీగ అయిపోయినదని ఎఱ్ఱతీగ ముక్క అతికింపరాదు. రేకుల వెడల్పులును వేఱువేఱుగా నుండును. అమెరికా స్విచ్చులకు తఱచు 4.8 మిల్లీమీటర్లు, జపాను సాన్వా మీటలకు 2.8 మిల్లీమీటర్లు. తగిన తొడుగు తెచ్చి నొక్కి బిగింపవలెను. మీటలు తఱచు మార్చవలసి వచ్చును గనుక టంకము పెట్టుటకంటె తొడుగే మేలు.

బోర్డు తగిలించుటకు ముందు మల్టీమీటరుతో రెండు వలయములను విడివిడిగా చూడవలెను. కరెంటు ఆపి, స్విచ్చి రెండు రేకులమీద మీటరు మొనలు పెట్టి నొక్కినపుడు కూత వినబడవలెను, వదలినపుడు ఆగవలెను. పిమ్మట ఒక మొన దీపపు రేకుమీద, ఒకటి స్విచ్చి రేకుమీద పెట్టి, నొక్కినను వదలినను కూత రాకుండుట చూడవలెను. ఆ తరువాత బోర్డు లేకుండనే సరఫరా ఇచ్చి, బోర్డుకు పోవలసిన ప్రతి మీట తీగ చివరను, మీట నొక్కి యొకసారి, వదలి యొకసారి వోల్టేజి కొలువవలెను. ఎక్కడను 12 కనబడరాదు. అప్పుడు బోర్డు తగిలించి, నాణెము వేయకమునుపు దీపము ఆరియుండి, వేసినంతనే మినుకుమినుకుమన్నచో, పలక మూసి మరలు బిగింపవచ్చును.